జన్మపాపం, కర్మపాపం, రక్షణ: తెలుగు క్రైస్తవ పరిభాషలో అర్థపరిణామం

తెలుగు క్రైస్తవ బోధలో పాపం రెండు విధాలు: జన్మపాపం, కర్మపాపం. ఆదాము సంతతిలో పుట్టినందువల్ల ప్రతి మనిషికీ సంక్రమించేది మొదటిది. తెలిసి గాని తెలియక గాని ఈ బతుకులో తాను చేసేది రెండవది. క్రైస్తవ సంప్రదాయంతో పరిచయం లేని పాఠకుడు ఈ రెండు సమాసాలను మొదటిసారి విన్నప్పుడు వాటిని తలక్రిందులుగా గ్రహించే అవకాశం ఎక్కువ. కర్మపాపం అనగానే పూర్వజన్మకృతం గుర్తుకు వస్తుంది. జన్మపాపం అనగానే ఫలానా కులంలో పుట్టుకకు కారణమైన పాపమో, ఆ పుట్టుకే పాపమనే లోకవాడుకో మనసులో మెదులుతుంది. క్రైస్తవ పరిభాషలో ఈ అర్థాలేవీ లేవు. అక్కడ కర్మ అంటే కేవలం క్రియ. జన్మ అంటే రాజుకూ పాలేరుకూ ఒకటే అయిన మానవజన్మ. పదాలు పాతవే. వాటి వెనుక నిలిచిన కాలగణన మాత్రం పూర్తిగా వేరు.

ఈ వేరుపాటు ఎట్లా ఏర్పడింది, దాని వల్ల ఎవరికి ఏమి ఒనగూడింది అన్నదే ఈ వ్యాసవిషయం. తెలుగు క్రైస్తవ వాఙ్మయం మీద వచ్చిన పరిశోధన ప్రధానంగా కవులను, ప్రక్రియలను, రాగతాళాలను పట్టించుకున్నది. కీర్తనల్లోని భక్తితత్త్వాన్ని ఆర్. ఆర్. సుందరరావు 1983లో ఆంగ్లంలో ప్రకటించిన గ్రంథంలో విశదంగా చర్చించారు. ఆ తరువాతి వ్యాసాల్లో ‘దేశీయీకరణ’ అనే మాట దాదాపు ఊతపదంగా మారింది. పరాయి సందేశం దేశీయమైన పదాల దుస్తులు ధరించిందని ఆ మాటకు తాత్పర్యం. నా దృష్టిలో ఇది సగం సత్యమే. పదం దుస్తు వంటిది కాదు. వేసుకున్నవాణ్ణి కూడా కొంత మారుస్తుంది, తానూ మారుతుంది. పాపం, ప్రాయశ్చిత్తం, రక్షణ అనే మూడు మాటల చరిత్ర ఇందుకు మంచి నిదర్శనం.

తొలి ప్రయత్నాలు

18వ శతాబ్ది ఆరంభంలో పుంగనూరు, కృష్ణాపురం ప్రాంతాల్లో పనిచేసిన ఫ్రెంచి జెస్యూట్ గురువులు తెలుగులో క్రైస్తవ పరిభాషను కూర్చడానికి పూనుకున్నారు. వారికి ఒక వెసులుబాటు ఉండినది. తమిళదేశంలో తమ సంఘం వారే అంతకుముందే సంస్కృతపదాలతో ఒక పరిభాషను సిద్ధం చేసి పెట్టారు. అందువల్లనే తెలుగు కథోలిక వాడుకలో జ్ఞానస్నానం, పాపసంకీర్తనం వంటి సమాసాలు తమిళ రూపాలకు సరిగ్గా సమానంగా ఉంటాయి. గురువు ఎదుట తన పాపాలను ఒప్పుకొనే సంస్కారానికి ‘సంకీర్తనం’ అని పేరు పెట్టడం గమనించదగినది. భగవన్నామానికి కట్టుబడిన మాట ఇక్కడ పాపానికి అతుక్కున్నది. వ్యాకరణరీత్యా కీర్తనమంటే చెప్పడమే కనుక దోషమేమీ లేదు గాని, తెలుగు చెవికి మాత్రం ఆ సమాసం నేటికీ కొంత వింతగానే వినిపిస్తుంది.

అదే శతాబ్దిలో మంగళగిరి ఆనందకవి రచించిన వేదాంత రసాయనం క్రీస్తుకథను ప్రబంధశైలిలో చెప్పిన కావ్యం. పేరులోనే కవి ఉద్దేశం వ్యక్తమవుతున్నది. రసాయనం ఔషధం, పాపం రోగం. భవరోగం, భవరోగవైద్యుడు అనే రూపకాలు భక్తికవిత్వంలో చిరపరిచితాలు కనుక పండితపాఠకునికి ఈ పేరు తడుముకోకుండానే అర్థమవుతుంది. వేదాంతమనే మాటను ఒక క్రైస్తవ కావ్యానికి శీర్షికగా ఎత్తుకోవడంలోని సాహసాన్ని మనం ఇప్పుడు కొంత తక్కువగా అంచనా వేస్తున్నామని నా అభిప్రాయం.

ప్రొటెస్టెంటుల దారి వేరు. బెంజమిన్ షుల్జ్ మద్రాసులో తెలుగు నేర్చి బైబిలు అనువాదానికి పూనుకున్నాడు. ఆ అనువాదం అచ్చుకు నోచుకోలేదు గాని, 1746–47లో జర్మనీలోని హాలే పట్టణంలో అతని చిన్న క్రైస్తవ పుస్తకాలు అచ్చయినవి. తెలుగు ముద్రణచరిత్రకు మొదటి పుట అదే. ఆ తరువాత 1805లో విశాఖపట్టణం చేరిన లండన్ మిషనరీలు జార్జి క్రాన్, ఆగస్టస్ డెగ్రాంజ్‌లు ఆనందరాయరు అనే బ్రాహ్మణ క్రైస్తవుని సహాయంతో సువార్తలను అనువదించారు. మిషనరీలిద్దరూ అకాలమరణం పాలైన పిదప, 1812లో శ్రీరామపురంలో ఆ సువార్తలు అచ్చయినవి. ప్రిచెట్ అనువదించిన క్రొత్త నిబంధన 1818లో మద్రాసులో వెలువడింది. పరిభాషానిర్ణయంలో అసలు చిక్కులన్నీ ఈ అనువాదాల దగ్గరే తలెత్తినవి. పద్యకర్తకు పర్యాయపదాల స్వేచ్ఛ ఉన్నది. గ్రీకు మాటకు ఎదురుగా ఒకే తెలుగు మాటను నిలబెట్టవలసిన అనువాదకునికి ఆ స్వేచ్ఛ లేదు.

మోక్షాన్ని దాటిన రక్షణ

గ్రీకులోని సొటేరియా అనే పదానికి తెలుగులో మోక్షం, ముక్తి, కైవల్యం, తారణం, ఉద్ధరణ, రక్షణ ఇన్ని మాటలు అందుబాటులో ఉన్నాయి. తెలుగు బైబిలు రక్షణను ఎన్నుకున్నది. చుట్టూ ఉన్న భాషలను చూస్తే ఈ ఎంపిక స్వరూపం బోధపడుతుంది. బెంగాలీ, ఒడియా బైబిళ్ళలో పరిత్రాణ, హిందీలో ఉద్ధార, మరాఠీలో తారణ వాడుకలో ఉన్నాయి. తమిళం, మలయాళం, కన్నడం, తెలుగు ‘రక్ష’ ధాతువును ఆశ్రయించినవి. దక్షిణాది, ఉత్తరాది ఎంపికలు భిన్నమైనా ఒక విషయంలో అందరూ ఏకాభిప్రాయులే: ఎవరూ మోక్షాన్ని ప్రధానపదంగా స్వీకరించలేదు.

కారణం ఊహించడం కష్టం కాదు. మోక్షమంటే విడుదల. దేని నుండి విడుదల అంటే జననమరణచక్రం నుండి. ఆ చక్రాన్ని అంగీకరించనివారికి ఆ విడుదలతో పని లేదు. పైగా మోక్షంలో విడిపించేవాడు తప్పనిసరి కాడు. జ్ఞానం చేతనే బంధం తెగవచ్చును. రక్షణకు మాత్రం రక్షించేవాడు కావాలి, ఆపద కావాలి, ఆపదలో చిక్కినవాడు కావాలి. తెలుగులో ఆ మాటకున్న పాత సంబంధాలన్నీ ఈ కోవకే చెందుతాయి: ప్రజారక్షణ, శరణాగతరక్షణ, ఆర్తరక్షణ. ఇప్పటి వాడుకలో రక్షకభటుడూ రక్షణశాఖా ఆ కోవలోకే వస్తాయి. పాపాన్ని రక్షణతో జతపరచగానే పాపం బంధం అనే అర్థాన్ని కొంత విడిచి, శత్రువు, ప్రమాదం అనే అర్థాలకు దగ్గరవుతుంది.

అయితే రక్షణ ఎవరూ వాడని కొత్త మాట అనుకోరాదు. శ్రీవైష్ణవంలోని శరణాగతి అంగాల్లో భగవంతుడు తప్పక రక్షిస్తాడనే విశ్వాసం ఒకటి. ఆయననే రక్షకునిగా వరించడం మరొకటి. పోతన గజేంద్రుని కథకు లోకంలో స్థిరపడిన పేరు మోక్షమే అయినా, మడుగులో ఏనుగు వేడుకున్నది రక్షణనే. కంచర్ల గోపన్న కీర్తనల్లోనూ అదే ఆర్తి వినిపిస్తుంది. అంటే భక్తిసంప్రదాయంలో రక్షణకూ మోక్షానికీ మధ్య గోడ ఎన్నడూ అంత ఎత్తుగా లేదు. అనువాదకులు మోక్షాన్ని తప్పించుకొని ఖాళీగా ఉన్న పదాన్ని ఎన్నుకున్నామని భావించి ఉండవచ్చును గాని, వారు చేరుకున్నది ప్రపత్తిమార్గపు నడిబొడ్డుకు. వైష్ణవ పరిభాషతో ఈ సామీప్యం యాదృచ్ఛికమా, ఆనందరాయరు వంటి సహాయకుల సంస్కార ఫలితమా అనే ప్రశ్నకు నేను రెండవ సమాధానం వైపు మొగ్గుతాను. ‘రక్షించు’ అనే క్రియను భగవంతునికి కర్తృత్వమిచ్చి వాడడం అటువంటివారికి పుట్టుకతో అబ్బిన భాష.

ఒక నష్టం కూడా జరిగింది. గ్రీకులో రోగి స్వస్థుడు కావడానికీ పాపి రక్షింపబడడానికీ ఒకే క్రియ ఉన్నది. మార్కు సువార్త అయిదవ అధ్యాయంలో రక్తస్రావరోగం గల స్త్రీ విషయంలో వచ్చేదీ, లూకా ఏడవ అధ్యాయంలో పాపాత్మురాలైన స్త్రీ విషయంలో వచ్చేదీ ఆ క్రియే. తెలుగు బైబిలు మొదటి చోట ‘స్వస్థపరచు’ అనీ, రెండవ చోట ‘రక్షించు’ అనీ రెండు క్రియలు వాడింది. దేహం ఒకవైపుకు, ఆత్మ మరొకవైపుకు విడిపోయినవి. ఆనందకవి రసాయనమనే ఒక్క మాటలో కలిపి ఉంచిన రోగపాపాలను వచనానువాదం వేరుచేసిందన్నమాట. ఇక్కడ కావ్యమే మూలానికి సన్నిహితంగా ఉన్నదని చెప్పవలసి వస్తున్నది.

మెటనోయా అనే పదానికి ఏర్పడిన ‘మారుమనస్సు’ను మాత్రం తెలుగు అనువాదకుల విజయంగానే లెక్కించాలి. పశ్చాత్తాపమనే సంస్కృతపదం సిద్ధంగా ఉన్నది. అది జరిగిపోయినదాన్ని తలచి తపించడాన్ని మాత్రమే చెబుతుంది. గ్రీకుపదం అడిగేది మనసు మారడాన్ని. మారువేషం, మారుపేరు అనే సమాసాల బాటలో మారుమనస్సు సులభంగా నిలదొక్కుకున్నది. తమిళులు మనసు తిరగడమన్నారు. మనవారు మనసే మరొకటి కావడమన్నారు. నేడు చదువురాని విశ్వాసి కూడా ‘మారుమనసు పొందాను’ అంటున్నదంటే ఆ సమాసం బలం అటువంటిది.

ప్రాయశ్చిత్తానికి కర్త ఎవరు?

పాపమనే మాటకు తెలుగులో ధర్మశాస్త్రపు భారం ఉన్నది. 13వ శతాబ్దిలో కేతన తెలుగుచేసిన విజ్ఞానేశ్వరీయంలో ఆచార, వ్యవహార, ప్రాయశ్చిత్త కాండలు మూడు. పాపాలకు తారతమ్యం, చేసినవాని వర్ణాన్నిబట్టి శుద్ధికి తారతమ్యం, వ్రతదానాలకు లెక్క ఈ సంప్రదాయంలో కీలకాలు. ప్రాయశ్చిత్తం పాపి చేయవలసిన పని. ఎంత పాపమో అంత పని.

తెలుగు బైబిలు ఈ పదాన్నే తీసుకొని దాని కర్తను మార్చింది. లేవీయకాండంలోని ప్రాయశ్చిత్తదినాన ప్రజల పక్షాన యాజకుడు ఆ కార్యం నెరవేరుస్తాడు. 32వ కీర్తన తొలి వచనంలో పాపం కప్పబడడం అనే హీబ్రూ భావానికి ప్రాయశ్చిత్తం పొందడం అనే పలుకుబడి వాడారు. ప్రాయశ్చిత్తం చేసుకొనడం తెలుగుకు తెలుసు. ప్రాయశ్చిత్తం పొందడం కొత్త ప్రయోగం. క్రొత్త నిబంధనకు వచ్చేసరికి ఆ కర్తృత్వం సంపూర్ణంగా క్రీస్తుకు చెందుతుంది. పాపి చేయవలసింది ఏమీ మిగలదు. స్వీకరించడం ఒక్కటే మిగులుతుంది.

బైబిలు వచనంలోని కర్మణి వాక్యాలను ఈ వెలుగులో చూడాలి. ‘బడు’ ధాతువుతో ఏర్పడే కర్మణి ప్రయోగం తెలుగుకు సహజం కాదని వైయాకరణులూ శైలీవిమర్శకులూ తరచుగా చెబుతారు. రక్షింపబడు, తీర్చబడు, క్షమింపబడు వంటి రూపాలను చూపి మిషనరీ తెలుగును ఎద్దేవా చేయడం మన విమర్శలో ఒక ఆనవాయితీ. శైలి విషయంలో ఆ ఆక్షేపణ న్యాయమైనదే. కాని ఈ రూపాల్లో కర్త మరుగున ఉండి, మనిషి కర్మస్థానంలో నిలవడం సిద్ధాంతానికి అత్యవసరం. నీతిమంతుడు కావడం వేరు, నీతిమంతుడుగా తీర్చబడడం వేరు. లూథరు సంస్కరణోద్యమం మొత్తం ఆ భేదం మీద ఆధారపడి ఉన్నది. దాన్ని చెప్పడానికి తెలుగు వ్యాకరణం ఇచ్చిన సాధనం అదొక్కటే. ఇబ్బందిగా ఉన్నప్పటికీ దాన్నే వాడారు.

పునర్జన్మ విషయంలో అనువాదకుల జాగ్రత్త మరింత స్పష్టం. యోహాను సువార్త మూడవ అధ్యాయంలో నికొదేముతో జరిగిన సంభాషణలో వారు క్రొత్తగా జన్మించడం అన్నారు, పునర్జన్మ అనలేదు. తీతు పత్రిక మూడవ అధ్యాయంలో మాత్రం ఆ మాట దొర్లింది. అక్కడ స్నానమనే మాటతో జతపడి ఉన్నందున అపార్థానికి చోటు తక్కువని భావించారేమో. అదే సువార్త తొమ్మిదవ అధ్యాయంలో ఒక పుట్టుగుడ్డివాని ప్రసంగం ఉన్నది. వీడు గుడ్డివాడుగా పుట్టడానికి పాపం చేసినది వీడా, వీని కన్నవారా అని శిష్యులు అడుగుతారు. ఇద్దరూ కారని యేసు సమాధానం. పాలస్తీనా శిష్యులు ఏ నమ్మకంతో ఆ ప్రశ్న వేశారో వ్యాఖ్యాతలు చాలా చర్చించారు. తెలుగు శ్రోతకు ఆ చర్చతో అవసరం లేదు. పుట్టకముందే పాపం చేసి ఉండడమనే ఊహ అతనికి రోజూ వినేదే. ఆ ఊహను గురువే స్వయంగా తోసిపుచ్చడం అతనికి కొత్త. ఈ అధ్యాయం యెరూషలేములో కంటె మన పల్లెల్లోనే ఎక్కువ పదునుగా వినిపించి ఉంటుందని నేను భావిస్తాను.

కీర్తనకారుని స్వాతంత్ర్యం

వచనం ఇట్లా ఆచితూచి అడుగులు వేస్తూ ఉండగా కీర్తన వేరే నడక నడిచింది. పురుషోత్తమ చౌధరి (1803–1890) పర్లాకిమిడి ప్రాంతానికి చెందిన బ్రాహ్మణ కుటుంబంలో పుట్టి, 1833లో బాప్తిస్మం పొంది, దీర్ఘకాలం బోధకుడుగా జీవించాడు. ఆయన రచనల పేర్లే ఒక పరిభాషాకోశం. ముక్తిమార్గ ప్రదర్శనము, నిస్తార రత్నాకరము, రక్షణ చరిత్ర: ఒకే భావానికి మూడు పేర్లు. ముక్తి హిందూ పాఠకునికి, రక్షణ సంఘానికి పరిచితాలు. నిస్తార శబ్దం ఒడియా, బెంగాలీ క్రైస్తవుల వాడుకను గుర్తుచేస్తున్నది. ఆయన సరిహద్దు ప్రాంతపు మనిషి. ఒడియా ఆయనకు ఇంటిభాష. ఉత్తరాది పదమూ దక్షిణాది పదమూ ఆయన కలంలో కలుసుకోవడంలో ఆశ్చర్యం లేదు.

ఆంధ్ర క్రైస్తవ కీర్తనల సంపుటిని తిరగవేస్తే వచనానువాదం దూరంగా ఉంచిన మాటలు పుంఖానుపుంఖంగా కనిపిస్తాయి. యోహాను సువార్త అనువాదం వాక్యాన్ని ‘శరీరధారి’ అన్నది, అవతారమనలేదు. చౌధరి కీర్తనలో అవతారశబ్దం నిస్సంకోచంగా వచ్చి కూర్చున్నది. ఇతరుల కీర్తనల్లో త్రాహి అనే సంస్కృత క్రియ యథాతథంగా వినిపిస్తుంది. మోక్షం ఉన్నది, ముక్తి ఉన్నది. సంఘం ఆదివారం ఉదయం బైబిలు పఠనంలో రక్షణను విని, వెంటనే కీర్తనలో ముక్తిని పాడింది. రెండింటి మధ్య విరోధమున్నదని పాడినవారికి తోచినట్లు లేదు.

దీన్ని దేశీయీకరణ అని సరిపెట్టుకుంటే ఒక ముఖ్యవిషయం జారిపోతుంది. కీర్తనలోని పాపి స్వరం మిషనరీల నుండి నేర్చినది కాదు. హిందువులకు పాపస్పృహ లేదని, దాన్ని తామే మేల్కొల్పవలసి ఉన్నదని ఆనాటి మిషనరీలు కొందరు తమ నివేదికల్లో పదేపదే రాశారు. ధూర్జటి శతకం చదివినవారు ఆ మాట అనజాలరు. పూజాంతంలో ప్రదక్షిణ చేస్తూ తనను తాను పాపిగా చెప్పుకొనే సామాన్య గృహస్థుణ్ణి చూసినా అనజాలరు. ఆత్మనింద, అపరాధక్షమాపణ, దైన్యం మన శతకానికీ కీర్తనకూ ప్రాణాలు. చౌధరికి ఆ గొంతుక వారసత్వంగా దక్కింది. ఒక హెచ్చరిక మాత్రం అవసరం. ఈ వారసత్వాన్ని అన్నమయ్య వరకు లాగడం కొందరికి అలవాటైంది. అన్నమయ్య రేకులు వెలుగుచూసి అచ్చుకెక్కినది 20వ శతాబ్దిలో. 19వ శతాబ్ది ఉత్తరాంధ్ర కవి మీద వాటి ప్రభావాన్ని ప్రతిపాదించాలంటే వేరే ఆధారం కావాలి. గోపన్న కీర్తనలు, భజనలు, శతకాలు సరిపోయే ఆధారాలు.

మరి చౌధరి కీర్తనకూ గోపన్న కీర్తనకూ తేడా ఏమిటి? గోపన్న దైవాన్ని నిలదీస్తాడు, లెక్కలడుగుతాడు, నిష్ఠూరాలాడుతాడు. ఋణం దేవుని వైపున కూడా ఉన్నట్లు మాట్లాడుతాడు. చౌధరిలో నిష్ఠూరం దాదాపు శూన్యం. ఋణం మొత్తం పాపి వైపే ఉన్నది, అదీ తీరిపోయి ఉన్నది. కొలస్సయుల పత్రికలో మన మీద ఋణంగా ఉన్న పత్రాన్ని సిలువకు మేకులతో కొట్టివేయడమనే ఊహ ఉన్నది. ఆ పత్రం రద్దయిన తరువాత వాదులాటకు తావు లేదు. భాష ఒకటే అయినా భక్తుని భంగిమ మారింది. సాహిత్యపరంగా ఇది కొంత నష్టమే. నిష్ఠూరం పోవడంతో కీర్తనలోని నాటకీయత చాలావరకు పోయింది.

1878 తరువాత

చౌధరి పాఠకులు చాలావరకు చదువుకున్నవారు. 1860ల నుండి ఈ సందేశాన్ని విన్నవారు వేరు. 1866లో బాప్తిస్మం పొందిన యెర్రగుంట్ల పేరయ్య మాదిగ కులస్థుడు. అంతకుముందు రాజయోగ సాధకుడు. ఒంగోలు ప్రాంతపు మాదిగల్లో యోగగురువులు, వీరబ్రహ్మం సంప్రదాయానికి చెందినవారు తిరుగాడిన వైనాన్ని ఎమ్మా రౌషెన్‌బుష్-క్లౌ 1899లో ప్రకటించిన ‘వైల్ సూయింగ్ శాండల్స్’ వివరంగా చెబుతున్నది. కనుక ఈ శ్రోతలు మోక్షవిచారం ఎరుగనివారు కారు. కులాన్ని కాదన్న ముక్తిమార్గాలు వారికి అప్పటికే తెలుసు. 1876–78 నాటి మహాక్షామం తరువాత, 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి దగ్గర ఒక్క రోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. కరవు కారణమా, విశ్వాసం కారణమా అనే వాదం నాటి నుండి సాగుతూనే ఉన్నది. క్లౌ దొర కరవుపనులు ముగిసే వరకు బాప్తిస్మాలు ఆపి ఉంచాడన్నది సమర్థకుల జవాబు. ఆ వాదంలోకి నేను వెళ్ళను. విన్నవారికి ‘పాపం’ అనే మాట ఎట్లా వినిపించి ఉంటుందన్నది నా ప్రశ్న.

ఛాందోగ్యోపనిషత్తు అయిదవ అధ్యాయంలో రమణీయమైన నడవడి గలవారు ఉత్తమవర్ణాల్లో పుడతారని, కుత్సితమైన నడవడి గలవారు కుక్కగానో పందిగానో చండాలుడుగానో పుడతారని ఉన్నది. ఈ మాట పండితుని నోట సంస్కృతంలో, ఊళ్ళో వాడుకభాషలో, రెండు విధాలా శతాబ్దాల తరబడి పలికింది. వాడలో పుట్టినవాని పుట్టుకే వాని పాపానికి సాక్ష్యం. సాక్షి వేరే అవసరం లేదు. నేరం ఏమిటో నిందితునికి తెలియదు. ఈ నేపథ్యంలో జన్మపాపమనే క్రైస్తవ బోధను ఊహించి చూడాలి. యూరపులో ఆ సిద్ధాంతం మనిషిని కుంగదీసేదని ఎందరో విమర్శించారు. కాని కరణంగారూ కాపూ బ్రాహ్మణుడూ దొరా అందరూ జన్మతః పాపులే అన్న మాట వాడలో వినిపించినప్పుడు దాని పని వేరు. కొందరి పుట్టుకకు అంటగట్టిన పాపాన్ని అది అందరి పుట్టుకకూ సమానంగా పంచింది. కర్మపాపమన్నప్పుడు కర్మ ఈ జన్మలో ఈ చేతులతో చేసిన పని మాత్రమే అయింది. చేసినది తనకు తెలుసు, ఒప్పుకోవచ్చును, మానుకోవచ్చును. ఈ వ్యాసారంభంలో చూపిన పరిభాషాభేదానికి సామాజికార్థం ఇక్కడ ఉన్నది.

అయితే ఇంతటితో ఆగితే ఇది ఏకపక్షమవుతుంది. ఒంగోలు సంఘాల్లో కొత్తవారికి విధించిన నియమాలు మూడు: ఆదివారం పని చేయరాదు, చచ్చిన పశువుల మాంసం తినరాదు, విగ్రహాలకు మొక్కరాదు. మొదటి నియమం కోతల కాలంలో భూస్వామితో తగవు తెచ్చింది. మూడవ నియమం జాతరలో డప్పు కొట్టే ఊరి చాకిరీని అడ్డుకున్నది. ఈ రెండూ పాపమనే మాటను ఊరి అధికారానికి ఎదురు నిలిపినవి. రెండవ నియమం గతి వేరు. చచ్చిన గొడ్డు మాంసాన్ని ఏవగించుకొనే పై కులాల తీర్పును అది పాపమనే పేరుతో లోపలికి తెచ్చింది. ఆకలితో తిన్నవానికి ఆ తిండి తన మీద మోపబడిన వ్యవస్థ ఫలం; బోధకునికి మాత్రం మానుకోవలసిన దురాచారం. జన్మ నుండి విడివడిన పాపం ఆచారానికి తగులుకొని తిరిగి వాడ గుమ్మం దగ్గరకే వచ్చింది. మాల, మాదిగ క్రైస్తవులు వేరువేరు మిషన్లలో, వేరువేరు ప్రార్థనాలయాల్లో కొనసాగిన చరిత్ర కూడా అందరి జన్మా ఒకటే అన్న బోధకు ఆచరణలో ఎదురైన పరిమితిని తెలుపుతున్నది.

ఈ ద్వైధం సాహిత్యంలో జాషువ దగ్గర తేటపడుతుంది. క్రైస్తవ కుటుంబంలో పుట్టిన జాషువ 1941లో గబ్బిలం వెలువరించాడు. అందులో అరుంధతీసుతుడు తన మొరను క్రీస్తుకు పంపడు, కాశీలోని శివునికి పంపుతాడు. కర్మ అంటే ఏమిటో, దానికి తన మీద ఎందుకింత పగో అతనికి అంతుపట్టదు. కర్మసిద్ధాంతం తన నోరు కట్టివేసే సాధనమని అతనికి తెలుసు. ఈ ప్రశ్నకు వెనుక, కర్మను కేవలం క్రియగా నేర్పిన క్రైస్తవ బోధ ఉన్నదని నా ప్రతిపాదన. పూర్వజన్మ పాపాన్ని సహజమని నమ్మే వాతావరణంలో పెరిగినవాడు ఆ పగను శంకించడానికి చాలా దూరం నడవాలి. అది సహజం కాదని విని పెరిగినవానికి అడుగు దూరం. కాని జాషువ కావ్యంలో రక్షణ రాదు. శివునికి కబురు వెళుతుంది. జవాబు కావ్యం వెలుపల ఉండిపోతుంది. 1964లో సాహిత్య అకాడమీ పురస్కారం పొందిన క్రీస్తు చరిత్రలో ఆయన సువార్తకథను భక్తితోనే చెప్పాడు. ఒకే కవి ఒక కావ్యంలో రక్షకుణ్ణి కీర్తించి, మరొక కావ్యంలో రక్షణ అందని మనిషిని నిలిపాడు. రెండింటినీ ఒకే వరుసలో చదివిన విమర్శ మనకు ఇంకా తక్కువే.

వాడుకభాషలో ఈ మాటల తరువాతి నడకను గురించి ఒక మాట. బైబిలు వచనంలోని ‘రక్షింపబడు’ విశ్వాసుల నోట నిలవలేదు. ‘రక్షణ పొందాడు’, ‘రక్షణలోకి వచ్చింది’ అంటారు. తెలుగు తన కర్తరి స్వభావాన్ని తిరిగి రాబట్టుకున్నది. మారుమనసూ రక్షణా ఒక్కొక్కరి అనుభవాన్ని చెప్పే మాటలు. 19వ శతాబ్ది చివర కుటుంబాలుగా, వాడలుగా క్రైస్తవులైనవారిని గురించి పల్లెల్లో వినవచ్చే మాట ఇంకొకటి: ‘మతంలో కలిశారు’. ఏ వేదాంత పరిభాషలోనూ ‘కలియు’ అనే క్రియకు స్థానం లేదు. పాపాన్నీ ప్రాయశ్చిత్తాన్నీ అది ప్రస్తావించదు. ఊరికి వెలుపల ఉంచబడినవారు ఎక్కడో ఒకచోట కలిశారని మాత్రం చెబుతుంది.